నగ్గర్ డే ట్రిప్: ప్యాకేజీకి రెండు స్టార్లు, కొండల బొమ్మలాయనకి ఇరవై నిమిషాలు చాలవు

ముందే చెప్తున్నా, ఇది మనాలిలో మేం తీసుకున్న ఒక లోకల్ టూర్ ప్యాకేజీ మీద రివ్యూ. మధ్యలో నికొలస్ రోరిక్ అనే రష్యన్ చిత్రకారుడి గురించి చాలా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు కిందకెళ్ళి ఎప్పుడు తెరుస్తారు, ఎలా వెళ్ళాలి అన్నది చూసుకోండి. ట్రావెల్స్ పేరు మాత్రం రాయను. మాల్ రోడ్డు చుట్టుపక్కల సగం కౌంటర్లలో ఇదే ప్యాకేజీని ఇదే పసుపు కాగితం మీద ప్రింటు చేసి అమ్ముతున్నారు, అందులో ఒకళ్ళని పట్టుకుని తిట్టి లాభం లేదు.

కాగితం మీద ఉన్నది ఇది: నగ్గర్ క్యాజిల్, ఆర్ట్ గ్యాలరీ, గుడి, షాపింగ్, ఫుల్ డే, చిన్న కారు, 2,800 రూపాయలు. మేం నలుగురం. నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే మా అమ్మాయి, మా నాన్న. అసలు ఈ ట్రిప్ తీసుకున్నదే మా నాన్న కోసం. ఆయన తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మంచు చూద్దాం, జిప్‌లైన్ ఎక్కుదాం అని మేమంతా గొడవపడుతుంటే ఆయన ఆ కాగితం వెనక చిన్న అక్షరాల్లో 'రోరిక్' అన్న పేరు చూసి, "ఈయన ఇల్లు ఇక్కడుందా!" అన్నారు, మనకి చుట్టాలాయన అన్నట్టు.

సంగతేంటంటే మా నాన్న చిన్నప్పుడు వాళ్ళింటికి రష్యావాళ్ళు తెలుగులో వేసే 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. ఆ పత్రిక గుర్తున్నవాళ్ళకి ఎక్కువ చెప్పక్కర్లేదు, చదివినా చదవకపోయినా ఆ నున్నటి కాగితంతో స్కూలు పుస్తకాలకి అట్టలు వేసుకోని ఇల్లుండేది కాదు. మా నాన్న మాత్రం అందులోని రంగుల బొమ్మలు కత్తిరించి ఒక ఆల్బంలో అంటించేవారట. వాటిలో నది మీద వెన్నెల పడుతున్న బొమ్మ ఒకటుందని, అది ఈ రోరిక్‌దేనని, యాభై ఏళ్ళుగా దాచుకున్నానని దారి పొడుగునా చెప్తూనే ఉన్నారు. ఆ బొమ్మ అసలుది ఇక్కడ ఉంటుందని ఆశ.

ఇక సర్వీసు సంగతి. తొమ్మిదిన్నరకి రావలసిన కారు పదిన్నరకి వచ్చింది, అది సరే, కొండ ఊళ్ళో మామూలే అనుకున్నాం. నగ్గర్ మనాలికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, బియాస్ నదికి ఎడమ ఒడ్డు రోడ్డు మీద తిన్నగా వెళ్తే గంట లోపే. మమ్మల్ని అటు తీసుకెళ్ళకుండా డ్రైవర్ బాబు ముందు ఒక శాలువాల దుకాణం ముందు ఆపాడు. అక్కడ మగ్గం ఒకటి పెట్టారు, దాని మీద ఎవరూ నేయడం లేదు. గంటా పది నిమిషాలు. ఆ తర్వాత డ్రై ఫ్రూట్స్ షాపు, ఆ తర్వాత "అంగోరా కుందేళ్ళు చూస్తారా, పాప సంతోషిస్తుంది" అని ఇంకోచోటు. మా అమ్మాయి నిజంగానే సంతోషించింది, అందుకని నేను నోరు మూసుకున్నాను. భోజనం, క్యాజిల్ అయ్యి గ్యాలరీ గేటు దగ్గరికి చేరేసరికి నాలుగున్నర దాటింది. డ్రైవర్ వాచీ చూసుకుని, "బీస్ మినిట్ మే సబ్ హో జాయేగా, అంకుల్‌జీ" అన్నాడు.

ఇరవై నిమిషాల్లో మా నాన్న మొదటి గది కూడా దాటలేదు. కింద హారన్ మోగుతోంది. మా ఆయన కిందకీ పైకీ తిరుగుతున్నారు. నేను లోపలికెళ్ళి "నాన్నా, పదండి, ఇంకో గది కూడా ఉంది" అంటే ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, మొహం దాదాపు అద్దానికి ఆనించి, "ఉండమ్మా, ఈయన తెలుపు ఎక్కడ పెట్టాడో చూస్తున్నా" అన్నారు. అక్కడి మనిషి మర్యాదగానే దూరంగా నిలబడి చూడమన్నాడు. అంతలో మూసేసే టైం అయింది. కార్లో కూర్చున్నాక మా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం మా ఇంట్లో చాలా పెద్ద సంగతి. దాంతో మర్నాడు సోలాంగ్ వ్యాలీ ప్రోగ్రాం మానేసి, ఏ ప్యాకేజీ లేకుండా, మనాలి నుంచి లోకల్ బస్సెక్కి మళ్ళీ నగ్గర్ వచ్చాం. ఇక్కడి నుంచి రాసేదంతా రెండో రోజు సంగతి.

బస్సు ఊళ్ళో దింపుతుంది. అక్కడి నుంచి పైకి కిలోమీటరు పైన నడక, మోకాళ్ళ నొప్పులుంటే ఆటోనో టాక్సీయో మాట్లాడుకోండి. దారిలో క్యాజిల్ వస్తుంది. కులు రాజులు రాయీ చెక్కా పొరలు పొరలుగా పేర్చి కట్టిన పాత కోట అది, ఇప్పుడు హిమాచల్ టూరిజం హోటల్. దాని తర్వాత త్రిపురసుందరి గుడి, గొడుగు మీద గొడుగు పెట్టినట్టున్న చెక్క కప్పుతో. ఆ పైన దేవదారు చెట్ల మధ్య రోరిక్ ఇల్లు. రెండంతస్తుల కొండ బంగళా, చుట్టూ వరండా. కింది గదుల్లో బొమ్మలున్నాయి. పై అంతస్తులో వాళ్ళ కుటుంబం వాడిన గదులు అలాగే ఉంచారు, లోపలికి వెళ్ళనివ్వరు, వరండాలో తిరుగుతూ కిటికీ అద్దాల్లోంచి చూడాలి. మంచం, బల్ల, పుస్తకాలు, గోడకి బొమ్మలు. గ్యారేజీలో పాత డాడ్జ్ కారు ఒకటుంది, ఆ రోజుల్లో ఈ కొండ దారిలో దాన్ని ఎలా ఎక్కించారో అని మా ఆయన దాని చుట్టూనే పావుగంట తిరిగారు. ఆవరణలో చెట్టు కింద స్థానిక దేవతల రాతి విగ్రహాలున్నాయి, వాటిలో గుర్రం మీద ఉన్నాయన గూగా చౌహాన్. పాముకాటు నుంచి కాపాడతాడని ఉత్తరాదిలో మొక్కుకునే దేవుడు, మన నాగులచవితి పుట్ట లాంటి నమ్మకమే.

ఇప్పుడు ఈయన ఎవరు, రష్యా నుంచి కులు లోయకి ఎందుకొచ్చాడు అన్న సంగతి. ప్యాకేజీ డ్రైవర్ని అడిగితే "బహుత్ బడా ఆర్టిస్ట్ థా" అన్నాడు, అంతే. మిగతాదంతా ఆ రాత్రీ ఆ తర్వాతా కూర్చుని చదువుకున్నది.

రోరిక్ 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి లాయరు. కొడుకు బొమ్మలేస్తానంటే, వేసుకో, కానీ లా కూడా చదువు అన్నాడు. ఇంజినీరింగ్ చేస్తూ సాయంత్రాలు నీ సరదాలు తీర్చుకో అనే నాన్నలు మన దగ్గరే ఉన్నారనుకుంటే పొరపాటు. ఇతను రెండూ ఒకేసారి చదివాడు, పగలు ఒకటి, మిగతా టైంలో ఒకటి. ఇవి చాలవన్నట్టు చిన్నప్పటి నుంచీ పాత సమాధుల దిబ్బలు తవ్వే పిచ్చి. ఆర్ట్ అకాడమీలో ఇతని గురువు ఆర్ఖిప్ కుయింజీ. ఆ కుయింజీది ఒక కథ ఉంది: 1880లో ద్నీపర్ నది మీద వెన్నెల బొమ్మ ఒక్కటే ఒక్కటి వేసి, చీకటి గదిలో దీపం వెలుగు దాని మీద పడేట్టు పెట్టి ప్రదర్శన నడిపాడు, జనం బారులు తీరి వచ్చి, బొమ్మ వెనకాల దీపం దాచాడేమోనని అనుమానపడ్డారట. అలాంటి గురువు. 1897లో విద్యార్థుల గొడవలో పిల్లల పక్షాన నిలబడినందుకు ఆయన్ని అకాడమీ నుంచి పంపించేస్తే, శిష్యులు కూడా ఆయన వెంట బయటికి నడిచారు, రోరిక్ సహా. అదే ఏడాది రోరిక్ వేసిన బొమ్మని, రాత్రిపూట పడవలో వార్త మోసుకెళ్ళే దూత బొమ్మ, మాస్కోలో పెద్ద గ్యాలరీ పెట్టిన త్రెత్యకోవ్ కొనుక్కున్నాడు. ఇరవై మూడేళ్ళకి అంతకంటే ఏం కావాలి.

1903, 1904లో భార్య హెలెనాతో కలిసి రష్యాలోని పాత ఊళ్ళు తిరిగి కోటలు, చర్చిలు, బురుజులు బొమ్మలుగా వేసుకొచ్చాడు. ఆ బొమ్మలు 1904లో అమెరికాలో సెయింట్ లూయీ ప్రదర్శనకి వెళ్ళి మళ్ళీ ఆయన చేతికి రాలేదు. చిత్రకారుడికి ఇదెంత దెబ్బో మా నాన్నకి అర్థమైనంతగా నాకు కాలేదు. ఆయన స్కూలు రోజుల్లో జిల్లా ఎగ్జిబిషన్‌కి పంపిన వాటర్ కలర్ తిరిగి రాలేదని ఇప్పటికీ అంటుంటారు. ఆ ఊళ్ళు తిరిగినప్పుడే, పాత కట్టడాలు పాడుబడి పోతున్నాయి, యుద్ధాలొస్తే ముందు కూలేవి ఇవే అన్న బెంగ రోరిక్‌కి పట్టుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అదే జరిగింది. రెడ్‌క్రాస్ జెండా ఆసుపత్రిని కాపాడినట్టు మ్యూజియంలని, గుళ్ళని, లైబ్రరీలని కాపాడే జెండా ఒకటి కావాలని పట్టుబట్టాడు. తెల్ల గుడ్డ మీద ఎర్ర వలయం, లోపల మూడు ఎర్ర చుక్కలు. నగ్గర్‌లో కూడా ఆ గుర్తు కనిపిస్తుంది, మా అమ్మాయి "బౌలింగ్ బాల్ లాగుంది" అంది. 1935 ఏప్రిల్ 15న వైట్‌హౌస్‌లో 21 అమెరికా ఖండపు దేశాలు దాని మీద సంతకాలు చేశాయి. దాన్ని రోరిక్ ఒప్పందం అంటారు. బొమ్మలేసుకునేవాడు ఒకడు పట్టుబట్టి దేశాల చేత సంతకాలు పెట్టించాడంటే మాటలు కాదు.

మధ్యలో పారిస్ నాటకాలకి తెరలు, దుస్తులు గీశాడు. 1913లో స్త్రావిన్‌స్కీ సంగీతంతో పారిస్‌లో ఒక బ్యాలే ఆడితే ప్రేక్షకులు హాల్లోనే కేకలేసి గోల గోల చేశారని చరిత్రలో చెప్పుకుంటారు, దానికి సెట్లూ వేషాలూ ఈయనవే. ఆ తర్వాత ఊపిరితిత్తుల జబ్బుతో ఫిన్లాండ్ చేరాడు, ఇటు విప్లవం వచ్చి సరిహద్దు మూతబడింది. అక్కడి నుంచి లండన్, అక్కడ 1920లో టాగోర్‌తో పరిచయం, తర్వాత అమెరికా. న్యూయార్క్‌లో ఆయన పేరు మీద మ్యూజియం వచ్చింది, దానికోసం నది ఒడ్డున 29 అంతస్తుల భవనమే లేచింది. 1923 చివర్లో బొంబాయిలో దిగాడు.

నాకు ఒళ్ళు జలదరించింది మాత్రం 1925 నుంచి 1928 దాకా చేసిన ప్రయాణం గురించి చదివినప్పుడు. శ్రీనగర్‌లో బయల్దేరి లడఖ్, కారకోరం కనుమలు, ఖోతాన్, కాష్గర్, ఆల్టాయ్ కొండలు, మంగోలియా, గోబీ, టిబెట్ మీదుగా సిక్కింలో తేలారు. వెంట భార్య, పెద్ద కొడుకు. 1927 చలికాలంలో టిబెట్ పైభూముల్లో అధికారులు ఆపేశారు, ముందుకెళ్ళడానికి లేదు, వెనక్కెళ్ళడానికి లేదు, వేసవి గుడారాల్లో ఐదు నెలలు. మనుషులు కొందరు పోయారు, బరువులు మోసే పశువుల్లో చాలా భాగం కళ్ళముందే చచ్చాయి. అలాంటి ప్రయాణంలో ఐదువందల దాకా బొమ్మలు తయారయ్యాయి. మేం మనాలిలో రూం హీటర్ పనిచేయలేదని రిసెప్షన్‌కి మూడు సార్లు ఫోన్ చేసినవాళ్ళం.

1928 డిసెంబర్లో నగ్గర్ వచ్చి ఈ ఇంట్లో స్థిరపడ్డాడు. పైన కొండ మీద 'ఉరుస్వతి' అని హిమాలయ పరిశోధన సంస్థ పెట్టాడు, మందుమొక్కలు, భాషలు, టిబెట్ వైద్యం, ఇలా. ఆ భవనం ఇల్లు దాటి ఇంకా పైకి నడిస్తే వస్తుంది, అక్కడ కొండ జనం వాడిన వస్తువులూ బట్టలూ పెట్టారు. ఎక్కువమంది అక్కడిదాకా ఎక్కరు, ఎక్కండి.

ఇక్కడొక మాట. గోడల మీద ఆయన్ని ఋషి లాగా చూపిస్తారు. కింద తోటలో ఆయన్ని దహనం చేసిన చోట పెద్ద రాయి ఉంది, దాని మీద "మహర్షి నికొలస్ రోరిక్, భారతదేశానికి పరమ మిత్రుడు" అని, విక్రమ సంవత్సరం 2004, అంటే 1947 డిసెంబర్ 15 అని హిందీలో చెక్కారు. చనిపోయింది 13న. రాయి బాగుంది, చోటు ఇంకా బాగుంది, కానీ ఆ 'మహర్షి' నాకు కొంచెం ఎక్కువైంది. ఈయన ఇంగ్లీషువాళ్ళకి గూఢచారిలా కనిపించాడు, అమెరికాలో వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ చేత గురువు అనిపించుకుని, 1934లో కరువుని తట్టుకునే గడ్డి విత్తనాలు తెస్తానని ప్రభుత్వ ఖర్చుతో మంచూరియా వెళ్ళి, అక్కడ రాజకీయాల్లో వేలుపెట్టాడని పేరు తెచ్చుకుని ఆ మంత్రితోనే చెడింది. ఆ వెంటనే ఇన్‌కం టాక్స్ కేసు. న్యూయార్క్ మ్యూజియం ఆ గొడవల్లో చేజారింది. మళ్ళీ అమెరికాలో కాలు పెట్టలేదు. ఇవన్నీ తెలిశాకే నాకు ఆయన మీద గౌరవం కాస్త పెరిగింది, ఎందుకంటే ఇంత తలనొప్పి పెట్టుకుని కూడా పొద్దున్నే లేచి కొండ బొమ్మ వేశాడు కదా. మా నాన్నతో ఇదంతా చెప్తే "టాక్స్ సంగతి ఆడిటర్లకి వదిలెయ్, ఇటు చూడు" అన్నారు.

ఇటు చూడు అన్నది ఒక చిన్న బొమ్మ దగ్గర. పేరు రాసుకోలేదు, లోపల ఫోటోలు తీయనివ్వరు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. దూరం నుంచి చూస్తే మామూలు మంచుకొండల వరస, క్యాలెండర్ బొమ్మే. మా నాన్న మా అమ్మాయిని ముందు నిలబెట్టి, "ఇందులో తెల్లరంగు ఎక్కడుందో చూపించవే" అన్నారు. అది మొత్తం మంచు అంతా చూపించింది. "సరిగ్గా చూడు." అప్పుడు తెలిసింది, మంచు అని మనం అనుకుంటున్నదంతా తెలుపు కాదు. కింది వరస కొండలు ఊదా, వాటి వెనకవి కాస్త పలచటి నీలం, ఆ పైన మంచు లేత గులాబీలో కలిసిన బూడిద రంగు. అచ్చమైన తెలుపు ఒక్కచోటే, కుడివైపు శిఖరం కొసన, చిటికెన వేలి గోరంత. మా అమ్మాయి దాన్ని పట్టుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది, పట్టుకున్నాక "తాతా, ఇది ఒక్కటే ఉంది!" అని గట్టిగా అరిచి గదిలో అందరి చేతా చూపు తిప్పించింది. ఆ గోరంత తెలుపు కోసమే మిగతా మంచుని మసక చేశాడని, అక్కడ ఎండ తగులుతోందని మన కళ్ళు నమ్మేది అందుకేనని మా నాన్న చెప్పారు.

ఇంకోటి కూడా చెప్పారు. ఇవి ఆయిల్ రంగులు కావు, టెంపెరా, అంటే నూనె బదులు గుడ్డు సొనో జిగురో కలిపి చేసే రంగులు. ఆయిల్ అయితే తడి ఆరడానికి రోజులు పడుతుంది, ఒక రంగులోకి ఇంకో రంగుని మెత్తగా కలుపుకోవచ్చు, పైన మెరుపు వస్తుంది. టెంపెరా పెట్టగానే ఆరిపోతుంది, కలుపుతూ కూర్చోడానికి వీల్లేదు. అందుకే కొండ మొత్తం ఒకే రంగు పరిచి, దాని మీద అంచు గీత ఒక్కటి లాగి వదిలేస్తాడు. మెరుపుండదు, సున్నం గోడ మీద రంగులా ఉంటుంది. నేను ఫోన్లో చూసినప్పుడు ఇవన్నీ కంప్యూటర్ బొమ్మల్లా నిగనిగలాడుతూ కనిపించాయి, ఎదురుగా చూస్తే అసలు ఆ నిగనిగే లేదు. కౌంటర్లో అమ్మే కార్డుల్లో కూడా ఈ నీలం రాదు, ఆ సంగతి ముందే అనుకుని కొనుక్కోండి.

అన్నీ మెచ్చుకున్నారని అనుకోకండి. మా నాన్న పేపర్లు దిద్దిన మనిషి. రెండో గది అయ్యేసరికి, "కొండలకి ప్రాణం ఉంది, మనుషులకి లేదమ్మా. మనిషిని పెట్టాల్సొచ్చినప్పుడల్లా గుడ్డ కప్పి కూర్చోబెట్టాడు" అన్నారు. అదీ నిజమే. ఏడు వేల దాకా బొమ్మలు వేశాడంటారు, అన్ని వేసినవాడికి చెయ్యి అలవాటుగా తిరిగిపోయిన బొమ్మలు కూడా ఉంటాయి. ఒకే కొండ, ఒకే నీలం, మళ్ళీ అదే. పక్కపక్కన ఆరు చూస్తే ఏడోదానికి కళ్ళు అలిసిపోతాయి. వరండాలోకి వచ్చి కాసేపు కూర్చుని మళ్ళీ వెళ్ళాలి, ఆ పని ప్యాకేజీ టైంలో కుదరదు. ఇంకా మాటల్లో మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు వచ్చాడు, "ఇరవై ఎనిమిది నిండకుండా పోయాడు, ఆయనకి ఈయన వయసు దొరికుంటేనా" అని. మాస్టారు ఎక్కడికెళ్ళినా గోదావరి తీసుకెళ్తారు.

మన తెలుగువాళ్ళకి ఇంకో సంగతి. రోరిక్ చిన్న కొడుకు స్వెతోస్లావ్ కూడా చిత్రకారుడే, పార్లమెంటులో ఉన్న నెహ్రూ చిత్రం గీసింది ఈయనే. 1942లో నెహ్రూ, ఇందిర నగ్గర్ వచ్చి ఈ ఇంట్లో ఉన్నారు. ఆ స్వెతోస్లావ్ 1945లో పెళ్ళి చేసుకున్నది బాంబే టాకీస్ సినిమాల హీరోయిన్ దేవికారాణిని. ఆవిడ పుట్టింది 1908లో మన వాల్తేరులో! ఇది చెప్పగానే మా నాన్న ఆవిడ ఫోటో ముందుకి మళ్ళీ వెళ్ళి నిలబడి, "విశాఖపట్నం పిల్లా!" అన్నారు. తర్వాత వాళ్ళిద్దరూ బెంగళూరు దగ్గర తాతగుణి ఎస్టేట్‌లో ఉండిపోయారు. కాబట్టి హిమాచల్ దాకా వెళ్ళలేనివాళ్ళు బెంగళూరు చిత్రకళా పరిషత్‌లో రోరిక్ గ్యాలరీ చూడొచ్చు, తండ్రీకొడుకులవి రెండూ ఉన్నాయి. బయటికి అమ్ముకుపోదామంటే కుదరదు, రవివర్మ, అమృతా షేర్‌గిల్‌లతో పాటు రోరిక్ బొమ్మల్ని కూడా మన ప్రభుత్వం జాతీయ కళాసంపదగా పెట్టింది, దేశం దాటించకూడదు. విదేశాల్లో ఉన్నవాటి ధర ఎంతంటే, 1931 నాటి ఒక బొమ్మ 2013లో లండన్ వేలంలో 78 లక్షల పౌండ్ల పైన పలికింది. టాక్స్ కేసులో మ్యూజియం పోగొట్టుకున్న మనిషి.

మధ్యాహ్నం గ్యాలరీ కాసేపు మూస్తారు, అప్పుడు కిందకి దిగి సిడ్డు తిన్నాం. గోధుమ పిండి పులియబెట్టి, లోపల అక్రోటు, గసగసాల ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించి, పైన నెయ్యి పోసిస్తారు. మన కుడుముకి కొండ చుట్టం. మా ఆయన రెండు తిన్నారు. ప్యాకేజీవాళ్ళు తీసుకెళ్ళిన హోటల్లో పనీర్ బటర్ మసాలా తప్ప ఏమీ లేదు.

సాయంత్రం మళ్ళీ పైకెళ్ళి మూసేదాకా ఉండి, బయటికొచ్చి రోడ్డు మీద గోడెక్కి కూర్చున్నాం. లోయ మీద ఎండ వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాకా ఎదురు కొండ మీద చెట్లు, బాటలు, రేకుల ఇళ్ళు, ఒక టవర్ అన్నీ లెక్కపెట్టేట్టు కనిపించాయి. ఇప్పుడు అవేవీ లేవు, కొండ మొత్తం ఒక్క రంగు, పైన అంచు గీత. దాని వెనక ఇంకోటి, ఇంకొంచెం పలచగా. మా అమ్మాయి "తాతా, లోపలి గీతలన్నీ పోయాయి" అంది. మా నాన్న జేబులోంచి బస్సు టికెట్ తీసి వెనక్కి తిప్పి పెన్నుతో ఏదో గీయడం మొదలెట్టారు, ఆయన్ని కదిలించి బస్సు ఎక్కించేసరికి చీకటి పడింది.

వెళ్ళేవాళ్ళకి: సోమవారం సెలవు, ఆ రోజు వెళ్ళకండి. పొద్దున పదింటికల్లా అక్కడుండేట్టు చూసుకోండి. టికెట్ మామూలు రేటే, కెమెరా లోపల వద్దంటారు. పెద్దవాళ్ళుంటే పైదాకా బండి వెళ్తుంది కానీ ఉరుస్వతికి ఎక్కడం నడకే. ప్యాకేజీ తీసుకునే తీరాలంటే, షాపింగ్ అన్న మాట కొట్టేయించి, గ్యాలరీకి కనీసం మూడు గంటలు అని కాగితం మీద రాయించుకోండి. రాయరు, అయినా అడగండి. నేను ఇచ్చే రెండు స్టార్లలో ఒకటి ఆ డ్రైవర్‌కి, మలుపుల్లో ఎక్కడా తొందరపడలేదు, ఫోన్ మాట్లాడలేదు. ఇంకోటి కుందేళ్ళకి.

తెనాలి వెళ్ళాక మా నాన్న ఫోన్ చేశారు. ఆ వెన్నెల బొమ్మ కోసం రెండు రోజులూ గది గదీ వెతికాం కదా, ఎక్కడా లేదు. అటక మీంచి ఆల్బం దింపి భూతద్దం పెట్టి చూశారట. "అమ్మా, కింద పేరు సగం కత్తెరలో పోయింది, కానీ రోరిక్ కాదే. కుయిం అని ఉంది."

ఆలస్యానికి 300 వెనక్కిస్తామన్నారు ప్యాకేజీవాళ్ళు, ఈ రోజుకి ఇంకా పడలేదు.